పడమటి షెడ్డు కోళ్లు ఏం పాపం చేశాయి?

తెనాలి,
జూలై 2

గౌరవనీయులైన వీరరాఘవయ్య గారికి భరద్వాజ నమస్కరించి రాసేది.

మీ రెండు కోళ్ల షెడ్లనీ మా ట్రయల్‌కి ఇవ్వడానికి ఒప్పుకున్నందుకు మా ల్యాబ్ తరఫున కృతజ్ఞతలు. ల్యాబ్ అంటే నేనూ, ఇంకో ముగ్గురూ, ఒక ఫ్రిజ్జూ.

కోళ్లు త్వరగా ఎదగాలని మీరు ఇప్పటిదాకా మేతలో యాంటీబయాటిక్ పొడి కలిపేవారు. అందరూ అలా కలపగా కలపగా, రేపు మనిషికి జబ్బు చేస్తే మందులు పనిచేయకుండా పోతున్నాయి. దాని బదులుగా మేము తయారుచేసిందే ఈ ప్రొబయోటిక్. కోడి పేగుల్లో ఉండి మేలు చేసే సూక్ష్మజీవులు. ప్రాణంతో ఉంటాయి కాబట్టి వేడి నీళ్లలో గానీ, బ్లీచింగ్ చల్లిన నీళ్లలో గానీ కలపకండి.

పని తేలికే. ఐదో తారీఖున రెండు వేల పిల్లలు దిగుతాయి. వెయ్యి తూర్పు షెడ్డుకి, వెయ్యి పడమటి షెడ్డుకి. మేత రెండింటికీ ఒకటే. పాత మందు దేనికీ వద్దు. తూర్పు షెడ్డుకి మాత్రం మా పొడి కలపాలి. వారానికొక డబ్బా చొప్పున ఆరు పంపుతున్నాను. పడమటి షెడ్డుకి ఏమీ కలపకూడదు. ప్రతి శనివారం తూకం వేసి రాయండి. నలభై రెండో రోజుకి తూర్పు కోళ్లు ఎక్కువ తూగితే మా పొడి పనిచేసినట్టు.

ఉన్నమాట చెబుతున్నానండి, ఇది నాలుగో ట్రయలు. బాపట్లలో మొదటిది తుఫానుకి పోయింది. చుండూరు రైతు రేటు బాగుందని ముప్పయ్యో రోజునే కోళ్లు అమ్మేశాడు. మూడోది ఇక్కడే తెనాలి పక్కన. ఆ ఇంట్లో పెళ్లిచూపులొచ్చి, నేను కాళ్లకి రంగు గుర్తులు పెట్టిన కోళ్లనే ఏరి మరీ వండేశారు. ఇది కూడా తేలకపోతే ల్యాబ్ మూసేస్తానని మా కంపెనీ ఎం.డి. గారు చెప్పేశారు. ఇక నాకు ఓపిక కూడా లేదు.

విధేయుడు,
భరద్వాజ

తా.క.: ట్రయలు సంగతులన్నీ కాగితం మీదే ఉండాలని ఎం.డి. గారి ఆర్డరు. వాట్సాప్ చెల్లదట. పోయినసారి రైతు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ మీటింగులో పెట్టి వినిపిస్తే, పావుగంట సేపు కోళ్ల అరుపులు తప్ప ఇంకేమీ వినపడలేదు.


నగరం గ్రామం, రేపల్లె మీదుగా,
జూలై 12

భరద్వాజ గారికి వీరరాఘవయ్య దీవించి రాసేది.

ఇక్కడ అంతా క్షేమం. పిల్లలు దిగాయి. అదే బండిలో కంచె అవతల మా తమ్ముడు మనోహర్ షెడ్డుకి కూడా వెయ్యి దిగాయి. మేము వేరుపడి పదకొండేళ్లయింది గానీ, హేచరీ వాడికి మా పంపకాలతో పనేముంది?

ఉత్తరాలు రాయమన్నందుకు సంతోషం. నా దస్తూరీ బాగుంటుందని మా మేష్టారు అనేవారు. ఇన్నేళ్లకి దానికి పని దొరికింది. మేమిద్దరం పని పంచుకున్నాం. పొడి కలిపేది మా ఆవిడ వెంకటరత్నమ్మ, రాసేది నేను. మొదటి వారం తూర్పు సగటు నూట డెబ్భై ఎనిమిది గ్రాములు, పడమర నూట డెబ్భై నాలుగు. మీరు గెలుస్తున్నట్టే ఉంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
వీరరాఘవయ్య

తా.క.: మా ఆవిడ మిమ్మల్ని ఒకమాట అడగమంది. పడమటి షెడ్డు కోళ్లు ఏం పాపం చేశాయి?


తెనాలి,
జూలై 15

గౌరవనీయులైన వీరరాఘవయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నాలుగు గ్రాముల తేడా చూసి మా ల్యాబ్‌లో అందరం టీ తెప్పించుకున్నాం.

అమ్మగారికి చెప్పండి, పడమటి కోళ్లు ఏ పాపమూ చేయలేదు. వాటికి ఏమీ పెట్టకపోతేనే, పెట్టినవాటికి ఎంత మేలు జరిగిందో తెలుస్తుంది. ఊరికే తిని, ఊరికే పెరగడమే వాటి పని. చెప్పాలంటే ఈ ట్రయల్లో తూర్పు షెడ్డు కన్నా పడమటి షెడ్డే ముఖ్యం. దయచేసి దాని జోలికి ఎవరూ వెళ్లకుండా చూడండి.

విధేయుడు,
భరద్వాజ

తా.క.: ఈ ఉత్తరం అమ్మగారికి చదివి వినిపించినా ఫరవాలేదు.


నగరం,
జూలై 19

భరద్వాజ గారికి దీవెనలు.

మీరు చెప్పినట్టే మా ఆవిడకి చదివి వినిపించాను. చేట పక్కన పెట్టి మొత్తం వింది. విని, "ఒకే ఇంట్లో ఒకే రోజు దిగిన పిల్లలండీ. పంక్తిలో కూర్చోబెట్టి ఒకళ్లకి నెయ్యి వేసి, పక్కవాళ్ల విస్తరి చూస్తూ పోవడం ఏంటి? పంక్తిభేదం మహాపాపం. చదువుకున్న పిల్లాడు, ఇంట్లో పెద్దవాళ్లెవరూ చెప్పలేదా?" అంది.

నేను గంటసేపు సర్దిచెప్పాను. సైన్సు అన్నాను, ప్రపంచం అన్నాను, మీ ల్యాబ్ మూతపడే సంగతి కూడా చెప్పాను. మీమీద జాలిపడింది. ఆ తరవాత ఇక మాట్లాడలేదు. ఒప్పుకున్నట్టే.

ఈ వారం తూర్పు నాలుగు వందల ముప్పై గ్రాములు. పడమర కూడా నాలుగు వందల ముప్పై. కాటా సరిగ్గానే ఉంది, నన్ను నేను తూచుకుని చూశాను. సరిగ్గా ఉందని బాధపడ్డాను కూడా.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క.: మా ఇంట్లో తరవాణి కుండ మళ్లీ వెలిసింది. అన్నం గంజి రోజూ పోసి పులియబెడతారే, అది. మా అమ్మతోనే పోయిందనుకున్నాను, ముప్పై ఏళ్లయింది. ఆశపడి ఒక గ్లాసు అడిగితే "మీకు కాదు" అంది. మరి ఎవరికో అర్థం కాలేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరమే.


తెనాలి,
జూలై 29

వీరరాఘవయ్య గారికి నమస్కారాలు.

మూడో వారం లెక్కలు కూడా అందాయి. తూర్పూ పడమరా మళ్లీ సమానం. మా ఎం.డి. గారు కాగితం చూసి, "ఏమీ పెట్టకుండానే ఇంత పెరిగితే మన పొడి ఎందుకయ్యా?" అన్నారు. రెండు రోజులుగా టీ కూడా మానేశాం.

నేను ఆలోచించాను. పొడి చచ్చిపోయిందా అంటే, తూర్పు కోళ్లు బాగానే పెరుగుతున్నాయి. పాత మందు వేసినప్పుడు ఎంత తూగేవో అంతే తూగుతున్నాయి. తేడా అంతా పడమటి షెడ్డులోనే ఉంది. ఏమీ తినని కోళ్లు అలా పెరగవు.

మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి. పాత అలవాటు కొద్దీ ఆ యాంటీబయాటిక్ పొడి గానీ పడమటి షెడ్డు మేతలో పడుతోందేమో ఒకసారి చూసుకోండి. ఎవరి మీదా అనుమానంతో అనడం లేదు.

విధేయుడు,
భరద్వాజ

తా.క.: పాత సంచులు ఇంకా ఉంటే ఎన్ని ఉన్నాయో రాయగలరు.


నగరం,
జూలై 31

టెక్నికల్ ఆఫీసర్ వారి దివ్యసముఖమునకు, రైతు వీరరాఘవయ్య చేసుకొను విన్నపము.

అయ్యా, తమరి ఉత్తరం చదివి నేను మధ్యాహ్నం భోజనం మానేశాను. అన్నదమ్ముల పంపకాల్లో గట్టు మీద నిలబడి కొట్టుకునేదాకా వచ్చినప్పుడు కూడా మా తమ్ముడు నన్ను దొంగ అనలేదు. తమరు తెనాలిలో ఫ్యాను కింద కూర్చుని అన్నారు.

పాత సంచి ఒక్కటుంది. మా ఆవిడ దాన్ని ఉతికి గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి వేసింది. దాన్ని కోళ్లు తినడం లేదు.

ఇంకోమాట. తమరు జన్మలో కోడి ముక్క నోట పెట్టని ఇంట పుట్టినవారు. కోడి రుచే తెలియని వారికి కోడి కడుపులో ఏముందో తెలుస్తుందా అని మా రేపల్లె మిల్లు దగ్గర నలుగురూ అనుకుంటుంటే, మీ తరఫున నేను వాదించి వచ్చాను. నా బుద్ధి గడ్డి తిని.

ఇట్లు,
తమరి దృష్టిలో దొంగ,
వీరరాఘవయ్య

తా.క.: కోపం వేరు, పని వేరు. శనివారం తూకం వేసి పంపుతాను. కాటా మధ్యాహ్నం దాటితే ఇంట్లో ఉండదు, మా తమ్ముడి భార్య లక్ష్మీదుర్గ అడిగి పట్టుకెళుతోంది. విచిత్రమేంటంటే కాటాతో పాటు మా ఆవిడ కూడా కంచె దాటి వెళుతోంది. పదకొండేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని తోడికోడళ్లు. ఎందుకు వెళుతున్నావంటే "తూకానికి" అంటుంది. తరవాణి కుండలు ఇప్పుడు ఐదు.


తెనాలి,
ఆగస్టు 6

పెద్దలు, పూజ్యులు అయిన వీరరాఘవయ్య గారికి భరద్వాజ పాదాభివందనాలు.

క్షమించండి. మీ ఉత్తరం చదివాక నిద్ర పట్టలేదు. శనివారం సెలవు పెట్టి రేపల్లె పాసింజరెక్కి, అక్కణ్ణుంచి బస్సులో మీ ఊరొచ్చాను. మీరు ఊక కోసం మిల్లుకి వెళ్లారట. అమ్మగారు ఉన్నారు. రెండు షెడ్ల మేతా, రెట్టా సీసాల్లో పట్టుకుని వచ్చేశాను.

పరీక్ష చేశాను. మీ పడమటి షెడ్డు మేతలో పాత మందు చుక్క కూడా లేదు. మిమ్మల్ని అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను, చెంపలు వేసుకుంటున్నాను. కానీ ఇంకో విడ్డూరం బయటపడింది. పడమటి కోళ్ల రెట్టలో మా సూక్ష్మజీవులున్నాయి. అక్కడొకటీ ఇక్కడొకటీ కాదు, తూర్పులో ఎన్నున్నాయో అన్ని. తూర్పు షెడ్డుకి పంపిన సంతానం పడమటి షెడ్డులో కాపురం పెట్టింది. గాలికి అన్ని వెళ్లవు. కాళ్లకి అంటుకుని వెళుతున్నాయేమోనని నా అనుమానం.

దయచేసి షెడ్డుకొక జత చెప్పులు పెట్టి, మారేటప్పుడు కాళ్లు కడుక్కోండి. ఇంకా పది రోజులే ఉంది. కొంచెమైనా తేడా కనిపిస్తే ఎం.డి. గారి కాళ్లు పట్టుకుంటాను.

విధేయుడు, సిగ్గుపడుతున్నవాడు,
భరద్వాజ

తా.క.: ఎండనపడి వచ్చానని అమ్మగారు చల్లగా పెద్ద గ్లాసుతో మజ్జిగలాంటిది ఇచ్చారు. పుల్లగా, అల్లం వేసి, ఎంత బాగుందో. ఆర్నెల్లుగా పాడైన నా కడుపు ఆ రోజు నుంచి బాగుంది. అదేంటో కనుక్కుని రాయగలరా?


నగరం,
ఆగస్టు 9

చిరంజీవి భరద్వాజకి దీవెనలు.

క్షమించాను. అంత దూరం బస్సులో పడి వచ్చావని తెలిశాక కోపం నిలవలేదు. ఇకనుంచి నువ్వనే రాస్తాను.

చెప్పులు పెట్టాను. తూర్పుకి నల్లవి, పడమరకి నీలంవి. నిన్న పొద్దున ఒక కాలికి నలుపూ ఒక కాలికి నీలమూ వేసుకుని, అది చూసుకుని, మధ్యలో ఒంటికాలి మీద మార్చుకోబోయి ఊక మీద జారి పడ్డాను. నడుము పట్టేసింది. మంచం మీద నుంచే రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఏటవాలుగా ఉన్నాయి. షెడ్ల పని మొత్తం మా ఆవిడదే. చెప్పుల సంగతి గుర్తుచేస్తే, నవ్వి వెళ్లిపోయింది.

ఈ వారం కూడా సమానమే నాయనా. రాయడానికి నాకే మనసు రావడం లేదు. రెండు గ్రాములు తూర్పుకి ఎక్కువ వేసి రాద్దామని కలం పట్టాను కూడా. మొన్ననే దొంగనన్నావని అంత గోల చేసి, ఇప్పుడు నిజంగా దొంగనవుతానా అని మానుకున్నాను.

ఇట్లు,
వీరరాఘవయ్య

తా.క.: నువ్వు తాగింది తరవాణి. నలభై ఏళ్లు కాపురం చేసిన నాకు లేదన్నది నీకు ఇచ్చింది. కుండలు ఇప్పుడు పదకొండు. నేను లెక్కపెట్టడం మానేశాను.


తెనాలి,
ఆగస్టు 18

పూజ్యులు వీరరాఘవయ్య గారికి నమస్కారాలు.

నలభై రెండో రోజు లెక్క అందింది. తూర్పు రెండు కిలోల మూడు వందల పది. పడమర రెండు కిలోల మూడు వందల ఐదు. ఐదు గ్రాములు. కోడి నీళ్లు తాగి నిలబడితే పోయే తేడా.

ఎం.డి. గారు లెక్క చూశారు. కాగితం మడిచి నా చేతికిచ్చారు. ముప్పయ్యో తారీఖున ల్యాబ్‌కి తాళం. ఫ్రిజ్జు ఎవరికో మాట్లాడేశారు. మిగతా ముగ్గురికి ఈరోజు చెప్పాను. వాళ్లు నన్ను ఓదార్చారు, దానికి ఏడుపొచ్చింది.

ఆరేళ్లండి. ఈ పొడి పనిచేస్తుందని నాకు తెలుసు. చూపించలేకపోయాను. బాపట్లలో మా బావగారి స్నేహితుడి ఏజెన్సీలో ఉద్యోగం ఉందన్నారు. ఏం అమ్మాలని అడిగితే, ఆ పాత యాంటీబయాటిక్ పొడేనట. సరేనన్నాను. అలిసిపోయాను.

మీరు పడిన శ్రమకి, మీ నడుముకి నేను రుణపడి ఉన్నాను. ఇక తూకాలు వేయనక్కర్లేదు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

సెలవు,
భరద్వాజ

తా.క.: ఖాళీ డబ్బాలు ఆరు తిరిగి పంపితే స్టోరులో అప్పజెప్పి వెళతాను. తీరికున్నప్పుడే పంపండి, తొందరేం లేదు.


నగరం,
ఆగస్టు 21

నాయనా భరద్వాజా, వెంకటరత్నమ్మ దీవించి రాస్తోంది. నేను ఏడో తరగతి వరకే చదివాను, తప్పులుంటే దిద్దుకో.

నీ ఉత్తరం ఆయన చదివి వినిపించారు. తప్పు నాది. చేతనైతే నన్ను తిట్టు, ఆయన్ని ఏమీ అనకు. ఆయనకి ఈనాటికీ ఏమీ తెలియదు. ఆయన పని రాయడం వరకే.

మొదటి డబ్బా విప్పిన వారం నీ పొడి తూర్పు షెడ్డుకి నువ్వు చెప్పినట్టే పెట్టాను. పడమర షెడ్డులోకి వెళితే ఆ పిల్లలన్నీ నా చేతివంక చూసేవి. ఒట్టి చేతులతో వాటి ముందు నిలబడలేకపోయాను. నీ పొడి దొంగతనం చేయడానికీ మనసొప్పలేదు. ప్రాణమున్నవి అని రాశావు కదా. ప్రాణమున్నదానికి తోడు పెడితే పెరుగుతుందని పెరుగు చేసే ఏ ఆడదానికైనా తెలుసు. ఒక్క చెంచా పొడి గంజిలో వేసి మా అత్తగారి తరవాణి కుండలో తోడుపెట్టాను. అది పొంగింది. మర్నాడు ఇంకో కుండలోకి మార్చాను. రోజూ గంజి పోయడం, చల్లారాక పడమర షెడ్డు నీళ్లలో కలపడం. తరవాత తూర్పుకి పొడీ పడమరకి తరవాణీ అంటే అదీ పంక్తిభేదమే అనిపించింది. రెండో వారం నుంచి రెండింటికీ కుండే.

అందుకే సమానంగా తూగాయి నాయనా. సమానంగా పెడితే సమానంగానే తూగుతాయి.

ఇక అసలు సంగతి. ఏమీ పెట్టని కోళ్లు కావాలన్నావు కదా, అవి ఉన్నాయి. కంచె అవతల లక్ష్మీదుర్గ షెడ్డులో. అదే బండి, అదే హేచరీ, అదే మేత. మందుల కొట్టువాడితో మా మరిదికి గొడవై ఈసారి ఏ మందూ వేయలేదు. ఆమె కోళ్లు మావాటికంటే ఎక్కువ తూగుతున్నాయేమోనని నాకు ఉండబట్టక, కాటా అడిగినప్పుడల్లా నేనూ వెంట వెళ్లి తూచి వచ్చాను. ఆరు శనివారాలూ క్యాలెండరు మీద రాసి పెట్టాను. ఆ కాగితాలు చించి ఇందులో పెడుతున్నాను. ఆమెవి ఆఖరికి రెండు కిలోల అరవై గ్రాములు. వెయ్యిలో డెబ్భై చచ్చిపోయాయి. నావి రెండు షెడ్లకీ కలిపి ఇరవై. మీ ఎం.డి. గారికి ఇది చూపించు. తాళం అప్పుడే వేయొద్దని నేను చెప్పానని చెప్పు.

మరి లక్ష్మీదుర్గ కోళ్లకి పెట్టకపోవడం పంక్తిభేదం కాదా అని అడుగుతావేమో. వేరుపడ్డవాళ్ల పంక్తి వేరు. పైగా ఆమె అడగలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదు. మొన్న శనివారం, తూకం చూసి కళ్లనీళ్లు పెట్టుకుని, "అక్కా, నువ్వేం పెడుతున్నావే?" అని అడిగింది. పదకొండేళ్ల తరవాత అక్కా అంది. కుండ నేనే నెత్తిన పెట్టుకుని వెళ్లి ఇచ్చి వచ్చాను.

బాపట్ల వెళ్లకు. ఆ మందు నువ్వు అమ్మకూడదు. వెళ్లేదుంటే ముందు మా ఇంటికొచ్చి అన్నం తిని వెళ్లు.

ఇట్లు,
మీ అమ్మలాంటిది,
వెంకటరత్నమ్మ

తా.క.: ఆయనకి లేదన్న గ్లాసు నీకెందుకిచ్చానో ఆయన ఇప్పటికీ సాధిస్తున్నారు. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ నీ ముఖం చూస్తే పడమటి షెడ్డే గుర్తొచ్చింది. ఆయనకి కూడా ఇప్పుడు పొద్దునే ఒక గ్లాసు ఇస్తున్నాను. నడుము కుదుటపడుతోంది. అది చెప్పులు మార్చడం మానేసినందుకని ఆయన అనుకుంటున్నారు.

ఇంకో తా.క.: ఖాళీ డబ్బాలు ఆరు అడిగావు. ఖాళీ అయింది ఒక్కటే, దాంట్లో ఆవాలు పోసుకున్నాను. మిగతా ఐదూ బస్సు పార్సిల్లో పంపుతున్నాను, మూతలు కూడా తీయలేదు. రెండో వారం నుంచి రెండు వేల కోళ్లూ బతికింది ఆ ఒక్క చెంచాతోనే. డబ్బాలు అమ్ముకుని బతికే కంపెనీకి ఈ సంగతి చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించుకో నాయనా. కాకపోతే త్వరగా ఆలోచించుకో, లక్ష్మీదుర్గ ఇప్పటికే ఊళ్లో నలుగురికి తోడు ఇచ్చేసింది.